తలకిందుల సలహాలు: పాత కారు మీటర్ల వెలుగు సమం చేయడానికి

రాత్రిపూట పార్కింగ్ లైట్ల స్విచ్ వేస్తే స్పీడోమీటరు బాగానే వెలుగుతుంది. పక్కనున్న ఆయిల్ ప్రెషర్ మీటరు సగం వెలుగుతుంది. పెట్రోలు మీటరు ఉందో లేదో కూడా తెలియదు. యాభై అరవై ఏళ్లనాటి కారు నడిపే చాలామందికి ఇది తెలిసిన బాధే. దీనికి మెకానిక్ షెడ్డులో దొరికే సలహా "పెద్ద బల్బు వేసేద్దాం సార్". స్పేర్ పార్టుల కొట్లో దొరికే సలహా "ఎల్ఈడీ పెట్టండి, పట్టపగల్లా ఉంటుంది". రెండూ వెలుగు పెంచమనే సలహాలే.

నేను చెప్పేవి వాటికి పూర్తిగా తలకిందులు. మొదటిసారి వింటే ఇవేం సలహాలు అనిపిస్తాయి. కానీ ప్రతి ఒక్కటీ నమ్మి చెబుతున్నదే, ప్రతిదానికీ కారణం ఉంది. మీటర్లు ఎగుడుదిగుడుగా వెలుగుతున్నాయంటే బల్బుల సత్తా చాలక కాదు. ఆ వెలుగులో కొంత దారిలో పోతోంది, ఒక్కో మీటరులో ఒక్కోలా పోతోంది. ఆ పోయే చోటు పట్టుకోకుండా అన్నిట్లో పెద్ద బల్బులు వేస్తే, వెలిగేది కళ్లలో పొడుస్తుంది, మసకది దాని పక్కన ఎప్పటిలా మసకగానే ఉంటుంది.

ఉదాహరణకు ఎంజీబీని తీసుకుంటాను. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన కారు ఇది. బ్రిటిష్ స్మిత్స్ మీటర్లు, లూకాస్ రంగుల పద్ధతిలో వైరింగ్, దాచిపెట్టిన కిటుకు ఏదీ లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కడుపున పుట్టిన మన అంబాసిడర్‌కైనా, ఫియట్ 1100 వంశంలోని ప్రీమియర్ పద్మినికైనా సూత్రం ఇదే. వైరు రంగులు, హోల్డర్ల ఆకారం మాత్రం మీ బండిలో చూసి సరిపోల్చుకోండి.

సలహా 1: బాగా వెలిగే మీటరునే ముందు విప్పండి

అందరూ మసకగా ఉన్నదాన్ని ముందు విప్పుతారు. విప్పి చూశాక అందులో ఏది మామూలుగా ఉంది, ఏది చెడింది అన్నది పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే బాగున్నదాన్ని ముందు చూడండి. దాని బల్బు ఏది, గాజు ఎంత తేటగా ఉంది, హోల్డరు ఎంత బిగుతుగా కూర్చుంది, లోపలి పెయింటు ఏ రంగులో ఉంది, ఎర్త్ వైరు ఎక్కడ బిగించారు, అన్నీ గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత మసక మీటరు దగ్గరికి వెళితే తేడా దానంతట అదే కనిపిస్తుంది.

చెయ్యి డ్యాష్‌బోర్డు వెనక్కి పోనిచ్చే ముందు బ్యాటరీ వైరు తీసేయండి. ఇందులో బద్ధకం పనికిరాదు. లూకాస్ పద్ధతిలో గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వస్తుంది. తాళంచెవి తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. స్పానరు జారి దానికీ బాడీకీ తగిలిందంటే వైరింగ్ మొత్తం కాలిపోవచ్చు.

ఇంకా ఏదీ విప్పకముందే చేయగల పరీక్ష ఒకటుంది. ఎంజీబీలో బల్బు హోల్డర్లు మీటరు వెనక ఒత్తి పెట్టినవే, లాగితే వస్తాయి. బాగున్న మీటరు బల్బు మసకదానికి, మసకదాని బల్బు బాగున్నదానికి మార్చి, బ్యాటరీ కలిపి వెలిగించండి. మసక బల్బుతోపాటు మారితే తప్పు బల్బుది. మీటరులోనే ఉండిపోతే తప్పు హోల్డరుదో, ఎర్త్‌దో, మీటరు లోపలిదో. ఖర్చు లేని ఈ పరీక్ష సగం పని తేల్చేస్తుంది.

సలహా 2: కాలిపోని బల్బులను కూడా తీసేయండి

వెలుగుతున్న బల్బును ఎందుకు మార్చడం అంటారు. ఎందుకంటే ఫిలమెంటు బల్బు ఒక్కరోజులో చచ్చిపోదు. ఫిలమెంటులోని టంగ్‌స్టన్ వేడికి కొద్దికొద్దిగా ఆవిరై, గాజు లోపల నల్లటి పొరలా పేరుకుంటుంది. ఫిలమెంటు సన్నబడుతుంది, గాజు మసిబారుతుంది, వెలుగు తగ్గుతుంది. బల్బు తీసి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. గాజు బుడగ మీద అద్దినట్టు నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఒక బల్బు ఇరవై ఏళ్లనాటిది, దాని పక్కది నిరుడు వేసింది అయితే, రెండూ వెలుగుతున్నా ఒకలా వెలగవు.

కాబట్టి అన్నీ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే రకానివి మార్చండి. ఎంజీబీ మీటర్లకు 987 అనే నంబరు బల్బు పడుతుంది. 12 వోల్టులు, 2.2 వాట్లు, మర తిప్పి బిగించే 10 మిల్లీమీటర్ల మూతి. కొత్త బల్బును వట్టి వేళ్లతో పట్టుకోవద్దు, మెత్తటి గుడ్డతో పట్టుకుని బిగించండి. తీసిన వాటిలో మచ్చ లేనివి ఉంటే చీటీ కట్టి దాచండి, రాత్రి ప్రయాణంలో అవసరానికి పనికొస్తాయి.

సలహా 3: కరెంటు వచ్చే దారి వదిలేయండి, వెళ్లే దారి పట్టుకోండి

లైటు మసకబారితే చాలామంది స్విచ్ నుంచి బల్బు దాకా వెతుకుతారు. సమంగా వెలగకపోవడం మీ బాధ అయితే ముందు అటు పోకండి. లైట్ల స్విచ్ నుంచి ఎర్ర వైరు డిమ్మరుకు వస్తుంది, డిమ్మరు నుంచి ఎరుపు మీద తెల్లగీత ఉన్న వైరు మీటర్లన్నిటికీ పోతుంది. ఆ దారి అందరిదీ. అది చెడితే అన్ని మీటర్లూ ఒకేలా మసకబారాలి. ఒకటి వెలిగి ఇంకొకటి మసకబారిందంటే తప్పు ఉమ్మడి దారిలో లేదు, ఆ మీటరు సొంత దారిలో ఉంది. ఆ సొంత దారి హోల్డరు దగ్గర మొదలై, మీటరు డబ్బా మీదుగా, నల్ల ఎర్త్ వైరు చివర బాడీ దగ్గర ముగుస్తుంది.

హోల్డరును వెలుతురులోకి తెచ్చి దగ్గరగా చూడండి. చిటికెన వేలి గోరంత ఇత్తడి గొట్టం. దాని అడుగున చిన్న స్ప్రింగు రేకు. గొట్టం అంచు చుట్టూ ఆకుపచ్చ చిలుము. కాకినాడ, విశాఖపట్నంలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ చిలుము మరీ తొందరగా పడుతుంది. బల్బు కరెంటు బాడీకి చేరాలంటే ఈ ఇత్తడి మీటరు డబ్బాకు నేరుగా అంటుకోవాలి. మధ్యలో చిలుము పొర ఉంటే అంటుకున్నట్టు కనిపిస్తుందే తప్ప నిజంగా అంటుకోదు.

అది ఎంత నష్టమో లెక్క చూడండి. 12 వోల్టుల 2.2 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 65 ఓములు. చిలుము వల్ల అదనంగా 10 ఓములు చేరాయనుకుందాం. బల్బుకు అందే వోల్టేజీ సుమారు 13 శాతం తగ్గుతుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. 13 శాతం వోల్టేజీ పోతే దాదాపు 40 శాతం వెలుగు పోతుంది. గోటితో గీకితే పోయే పొర మీటరులో సగానికి దగ్గరగా వెలుగు తినేస్తోందన్నమాట.

మందు చాలా చవక. పెన్సిల్ రబ్బరుతో గాని, బాగా సన్నరకం ఉప్పు కాగితంతో గాని ఇత్తడి తళుక్కుమనే దాకా రుద్దండి. మీటరు డబ్బాలో హోల్డరు కూర్చునే రంధ్రం అంచునూ అలాగే రుద్దండి. అడుగు స్ప్రింగు రేకును సన్న స్క్రూడ్రైవరుతో కొంచెం పైకి లేపండి. నల్ల వైరు బాడీకి బిగించిన చోట స్క్రూ విప్పి, రంగు, తుప్పు గీకి మళ్లీ బిగించండి. తర్వాత బ్యాటరీ కలిపి, లైట్లు వేసి, మల్టీమీటరు ఒక ముల్లు హోల్డరు ఇత్తడికి, రెండోది బ్యాటరీ ఎర్త్ కొసకు పెట్టండి. 0.1 వోల్టు లోపు చూపిస్తే ఆ దారి శుభ్రంగా ఉన్నట్టే. అర వోల్టు చూపిస్తే ఇంకా ఎక్కడో చిలుము ఉంది, మళ్లీ వెతకండి.

సలహా 4: వాట్లు పెంచకండి, అవసరమైతే వెలిగేదాన్నే తగ్గించండి

2.2 వాట్ల చోట 5 వాట్ల బల్బు వేస్తే వేడి రెట్టింపు దాటుతుంది. మీటరు డబ్బాలో ఆ వేడి పోవడానికి దారి లేదు. లోపలున్న రంగు ప్లాస్టిక్ వంకర పోతుంది, డయల్ రంగు పొంగుతుంది, ముల్లు మీది పెయింటు పెళుసై రాలుతుంది. అప్పుడు పాడయ్యేది బల్బు కాదు, మళ్లీ దొరకని మీటరు.

ఎర్త్‌లన్నీ శుభ్రం చేశాక కూడా ఒక మీటరు మిగతావాటికంటే బాగా వెలుగుతుంటే, దాన్నే కిందికి దించండి. ఆ బల్బు హోల్డరుకు పోయే వైరులో 10 ఓముల, 1 వాట్ రెసిస్టరు కలపండి. చిలుము చేసిన చెడ్డపనే ఇప్పుడు మనం కొలిచి, కావాల్సిన చోట చేస్తున్నాం. పది ఎక్కువనిపిస్తే 5 ఓములది వేసి చూడండి. రెసిస్టరును స్లీవులో పెట్టి, వైరింగ్ కట్టకు దూరంగా కట్టండి. పాత వైరును కోయకుండా మధ్యలో కనెక్టరు పెట్టి కలిపితే, రేపు ఎప్పుడైనా తీసేయాలన్నా కారు పాత రూపానికి వెళుతుంది.

సలహా 5: మీటరు లోపల మెరిసేది ఏదీ అతికించకండి

డబ్బా లోపల వెండి రేకు అతికిస్తే వెలుగు రెట్టింపవుతుందని చాలామంది చెబుతారు. వెలుగు పెరిగే మాట నిజమే. కానీ రేకు బల్బును అద్దంలా చూపిస్తుంది. డయల్ మీద ఒకచోట గీతలా మెరుపు, దాని పక్కనే నీడ. ఎగుడుదిగుడు పోగొట్టుకోవాలని మొదలుపెట్టి ఎగుడుదిగుడునే పెంచుకున్నట్టవుతుంది.

స్మిత్స్ మీటరులో బల్బు వెలుగు నేరుగా డయల్ మీద పడదు. బల్బు పక్కనో వెనకనో ఉంటుంది. వెలుగు డబ్బా లోపలి తెల్ల పెయింటుకు తగిలి, అన్ని వైపులకూ చెదిరి, అంచుల నుంచి డయల్ మీదికి వస్తుంది. సున్నం కొట్టిన గదిలో మూలన దీపం పెట్టినా గదంతా వెలుగు పరుచుకున్నట్టే ఇది. ఆ తెలుపు ఏళ్ల తరబడి వేడికి పసుపెక్కి, దుమ్ము పట్టి, అక్కడక్కడ పొరలు లేచి ఉంటుంది. బాగా వెలిగే మీటరును ముందు విప్పమన్నది ఇందుకే. రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎంత పసుపెక్కిందో తెలుస్తుంది.

మీటరు ముందున్న క్రోమ్ రింగును తిప్పితే దాని కొక్కేలు గాడుల దగ్గరకు వచ్చి ఊడుతుంది. బిగుసుకుపోతే అంచుకు చుక్క నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి, బలవంతం చేయకండి. యంత్రభాగాన్ని బయటికి తీసి, ఉత్త డబ్బా లోపల మాత్రమే మెరుపు లేని తెల్ల పెయింటు పలచగా రెండు పూతలు వేయండి. పూర్తిగా ఆరి, వాసన పోయాకే మళ్లీ బిగించండి. ముల్లును చేత్తో తిప్పొద్దు, దాని వెనకున్న సన్న స్ప్రింగు ఒకసారి వంగితే మీటరు మళ్లీ నిజం చెప్పదు. డయల్‌ను స్పిరిట్‌తో తుడవొద్దు, అంకెలు లేచిపోతాయి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

చాలా మీటర్లలో వెలుగు వచ్చే కంతకు ఆకుపచ్చ గాని నీలం గాని ప్లాస్టిక్ ముక్క అడ్డంగా ఉంటుంది. వెలుగు పెరుగుతుందని దాన్ని పీకేయకండి. సబ్బునీళ్లతో కడిగి మళ్లీ పెట్టండి. ఒక మీటరులో ఉంచి ఇంకొక దాంట్లో తీసేస్తే వెలుగు సమమైనా రంగు సమం కాదు.

సలహా 6: డిమ్మరును తీసేయకండి, ఊరికే తిప్పుతూ ఉండండి

డిమ్మరును పక్కకు పెట్టి వైర్లు నేరుగా కలిపేయమనే సలహా షెడ్డుల్లో తరచూ వింటాం. కలిపేస్తే ఆ రోజుకు లైట్లు వెలుగుతాయి, కానీ రాత్రి రోడ్డు మీద వాటిని తగ్గించుకునే వీలు పోతుంది. డిమ్మరు అంటే పింగాణీ మీద చుట్టిన తీగ, దాని మీద జారే చిన్న రేకు. చాలా ఏళ్లు ఒకే చోట ఉండిపోవడంతో ఆ రేకు కింద మురికి పేరుకుంటుంది. బ్యాటరీ తీసి, కాంటాక్ట్ క్లీనర్ చల్లి, ఈ కొస నుంచి ఆ కొసకు పదేపదే తిప్పండి. మురికి దానంతట అదే రాలిపోతుంది.

బాగయ్యాక దాన్ని పూర్తిగా పెంచి పెట్టకండి. డ్యాష్‌బోర్డు ఎక్కువ వెలిగితే ముందు అద్దంలో మీటర్ల నీడ కనిపిస్తుంది, కళ్లు ఆ వెలుగుకు అలవాటు పడిపోతాయి. కోతల కాలంలో కోస్తా జిల్లాల రోడ్ల మీద ఒక పక్కగా వడ్లు ఆరబోస్తారు. వాటి చుట్టూ రాళ్లు పెడతారు, వెనక దీపం లేని ట్రాక్టర్లు నిలుపుతారు. పాత హెడ్‌లైట్ల పసుపు వెలుగులో వాటిని చూడాలంటే కళ్లు చీకటికి అలవాటు పడి ఉండాలి. సాబ్ కంపెనీ 1990ల్లో తన కార్లలో నైట్ ప్యానెల్ అని ఒక బటన్ పెట్టింది. నొక్కితే స్పీడోమీటరు తప్ప మిగతా మీటర్ల వెలుగు ఆరిపోతుంది, అవసరమైన హెచ్చరిక వస్తేనే మళ్లీ వెలుగుతుంది. కార్లు తయారుచేసేవాళ్లే రాత్రి మీటర్ల వెలుగు తగ్గించమంటే, పాత కారులో పెంచుకోవాలని చూడటం ఎందుకు?

సలహా 7: ఎల్ఈడీ పెట్టి తీరాలంటే అన్నిటికన్నా మసకదే కొనండి

ఎల్ఈడీ మంచిదే. వేడి తక్కువ, కరెంటు తక్కువ. కానీ ఫిలమెంటు చుట్టూ వెలుగు చిమ్ముతుంది, చాలా ఎల్ఈడీలు ముందుకే చిమ్ముతాయి. చుట్టూ వెలుగు పడేలా చేసిన డబ్బాలో అలాంటిది పెడితే డయల్ మీద ఒకచోట తెల్లటి మచ్చ, మిగతాదంతా చీకటి. కొంటే నాలుగు వైపులా చిప్‌లున్నది, పసుపు ఛాయ తెలుపుది కొనండి. లోపల ఆకుపచ్చ ప్లాస్టిక్ ఉంటే ఆకుపచ్చ ఎల్ఈడీయే దాని రంగును శుభ్రంగా చూపిస్తుంది. నీలం ఛాయ తెలుపు రాత్రిపూట కళ్లలో గుచ్చుకుంటుంది, వయసు మళ్లిన కళ్లకు మరీ.

ఇంకో రెండు సంగతులు. 1967 చివర్లో రెండో మార్కు వచ్చే దాకా ఎంజీబీలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. ఫిలమెంటు బల్బుకు అటైనా ఇటైనా ఒకటే. ఎల్ఈడీకి కాదు, తిరగబడితే వెలగనే వెలగదు. అలాంటి కారుకు రెండు వైపులా పనిచేసే ఎల్ఈడీ అడిగి తీసుకోండి. రెండోది, తీగ చుట్టిన డిమ్మరు నాలుగైదు బల్బుల కరెంటును లెక్కలో పెట్టుకుని చేసింది. ఎల్ఈడీలు తీసుకునే కరెంటు అందులో చిన్న భాగమే. కాబట్టి డిమ్మరు తిప్పినా వెలుగు సరిగా తగ్గదు. ముందే వెలుగు తక్కువున్నది కొనమనడం అందుకే.

సలహా 8: పని అయ్యాక అరగంట ఏమీ చేయకుండా చీకట్లో కూర్చోండి

షెడ్డులో ట్యూబ్‌లైటు కింద మీటర్ల వెలుగు చూసి తీర్పు చెప్పకండి. ఫోనులో ఫొటో తీసి అసలే చెప్పకండి. కెమెరా చీకటిని తన లెక్కలో సర్దుకుంటుంది, ఉన్న తేడాను పెంచి చూపిస్తుంది. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. దీపాల్లేని చోట బండి ఆపి, ఫోను జేబులో పెట్టి, ఇంజను నడుస్తుండగా సీటులో వెనక్కి వాలి కూర్చోండి. ఇంజను నడుస్తుంటే వోల్టేజీ 14 దగ్గర ఉంటుంది. ఆగి ఉంటే 12 చిల్లర. మీరు నడిపేటప్పుడు చూసేది మొదటిదే.

అరగంట అయ్యాక డిమ్మరును బాగా తగ్గించండి. ఇప్పుడు ఏ మీటరు ముందు కనిపించకుండా పోతుందో చూడండి. మళ్లీ విప్పాల్సింది అదొక్కటే. అన్నీ దాదాపు ఒకేసారి మాయమైతే మీ పని అయిపోయింది.

సలహా 9: పూర్తిగా సమం చేయకండి

మీటరులో ఒక్క బల్బు, అది పైవైపు ఉంటే, డయల్ పైభాగం కంటే కిందిభాగం కొంచెం మసకగానే ఉంటుంది. అది జబ్బు కాదు, ఆ మీటరు కట్టుబడి. డయల్ మీద ఒక్క నీడ కూడా లేకుండా వెలగాలని క్రైస్లర్ కంపెనీ పట్టుపట్టింది. 1960 మోడల్ కార్లలో మీటర్లకు బల్బులే తీసేసి, డయల్ రేకే వెలిగేలా ఎలక్ట్రోలుమినిసెంట్ పద్ధతి పెట్టింది. అందుకు బ్యాటరీ 12 వోల్టులను 200 వోల్టుల చుట్టుపక్కల ఏసీ కరెంటుగా మార్చే పెట్టె కూడా కారులో పెట్టాల్సి వచ్చింది. ఒక్కరీతి వెలుగు కావాలంటే అంత పని ఉంది. ఎంజీబీ నుంచి దాన్ని కోరడం న్యాయం కాదు.

ఒక మీటరుకూ ఇంకో మీటరుకూ మధ్య తేడా పోగొట్టండి. ఒక మీటరు లోపల పైకీ కిందికీ ఉండే తేడాను వదిలేయండి. స్పీడోమీటరు మిగతావాటి కంటే ఒక పిసరు ఎక్కువ వెలిగితే అలాగే ఉండనివ్వండి. రాత్రి కన్ను ముందు వెతికేది దాన్నే.

చివరిగా, బిగించినవన్నీ అప్పుడప్పుడు కదిలించాలి. నెలకోసారి లైట్లు వేసి డిమ్మరును రెండు కొసలకూ నాలుగైదు సార్లు తిప్పండి. వానాకాలం వెళ్లాక ఒకసారి హోల్డర్లు లాగి, ఇత్తడి చూసి, మళ్లీ నొక్కండి. ఏ బల్బు ఎప్పుడు మార్చారో, ఏ మీటరుకు రెసిస్టరు వేశారో కారు పుస్తకంలో రాసిపెట్టండి. మీ తర్వాత ఆ కారు నడిపేవాళ్లకు మీరు చేసిన పని అర్థం కావాలి, కావాలంటే దాన్ని విప్పుకునే వీలు కూడా ఉండాలి.